బ్రౌజరు ఎర్ర హెచ్చరిక చూపిస్తే ముందు గడియారం చూడండి

పోయిన వానాకాలం ఒక సాయంత్రం మా వీధి చివరి అత్తయ్యగారు కబురు పంపారు. వాళ్ల అబ్బాయి స్కాలర్‌షిప్ ఫారం నింపడానికి ఇంకా రెండే రోజులు గడువుంది. కంప్యూటర్లో ఏ సైటు తెరిచినా ఎర్ర గుర్తుతో ఒక పేజీ వచ్చి ఆగిపోతోంది. నేను వెళ్లేసరికి కుర్రాడు 'అడ్వాన్స్‌డ్' నొక్కి, కింద వచ్చే 'ప్రొసీడ్' నొక్కి, ఒక్కో సైటూ తెరవడానికి తంటాలు పడుతున్నాడు. అలా నొక్కమని నెట్ సెంటర్లో ఎవరో నేర్పారట. "ఏటి బాబూ, వైరస్సా?" అని అత్తయ్యగారు టెన్షన్ పడిపోతున్నారు.

స్క్రీన్ కింద కుడి మూల చూశాను. తారీఖు 2012 జనవరి 1 అని ఉంది. దాన్ని సరిచేయడానికి రెండు నిమిషాలు పట్టింది. సైట్లన్నీ మామూలుగా తెరుచుకున్నాయి.

ఆ రోజు నన్ను నిజంగా బాధపెట్టింది గడియారం కాదు. 'ప్రొసీడ్' నొక్కడం ఆ కుర్రాడికి అప్పటికే అలవాటైపోవడం. ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలోనే కాదు, అటు గుణుపురం, రాయగడల్లో ఉన్న మా బంధువుల ఇళ్లలోనూ ఇదే చూస్తున్నాను. భూమి కాగితాలకు ఒడిశా భూలేఖ్, పాతపట్నం వైపు పొలం ఉంటే ఆంధ్రా మీభూమి, బ్యాంకు పనులు, పిల్లల ఫారాలు అన్నీ ఇంటి కంప్యూటరు మీదే చేస్తున్నాం. హెచ్చరిక వస్తే కారణం వెతికి సరిచేసుకోవాలి. దాన్ని తోసుకుని లోపలికి పోకూడదు. కారణం వెతకడం మీరనుకున్నంత కష్టం కాదు.

ముందు ఒక్క ప్రశ్న: అన్ని సైట్లకా, ఒక్క సైటుకేనా?

హెచ్చరిక వచ్చిన ట్యాబ్ అలాగే ఉంచి, పక్కన కొత్త ట్యాబ్‌లో సంబంధం లేని సైట్లు రెండు మూడు తెరిచి చూడండి. గూగుల్, వికీపీడియా, ఒక వార్తల సైటు, ఏదైనా సరే. అన్నింటికీ హెచ్చరిక వస్తే లోపం మీ కంప్యూటర్లోనో, మీ ఇంటి నెట్ కనెక్షన్‌లోనో ఉన్నట్టు. ఒక్క సైటుకే వస్తే చాలాసార్లు లోపం ఆ సైటుది.

తర్వాత అదే సైటును ఫోన్‌లో తెరవండి. ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద చూడాలి. వైఫై మీద చూస్తే అదే మోడెమ్ గుండా పోతుంది కాబట్టి ఏమీ తేలదు. ఫోన్‌లో కూడా అదే హెచ్చరిక వస్తే మీ కంప్యూటరు బాగానే ఉన్నట్టు. ఫోన్‌లో సవ్యంగా తెరుచుకుంటే ఆ ఫోన్ హాట్‌స్పాట్‌కే కంప్యూటరును కలిపి ఇంకోసారి చూడండి. హాట్‌స్పాట్ మీద తెరుచుకుంటే గొడవ ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లోనో మోడెమ్‌లోనో ఉంది. హాట్‌స్పాట్ మీదా తెరుచుకోకపోతే కంప్యూటర్లోనే ఉంది. ఈ ఐదు నిమిషాల పరీక్ష చేయకుండా విండోస్ మళ్లీ వేయించుకుని, ఫొటోలూ ఫైళ్లూ పోగొట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు.

ఆ పేజీ ఏం చెబుతోందో చదవండి

తాను ఎవరో రుజువు చేసుకోవడానికి ప్రతి సైటూ బ్రౌజరుకు చూపించే సర్టిఫికెట్ అచ్చంగా మన తహసీల్ ఆఫీసు ధ్రువపత్రం లాంటిదే. దాని మీద మూడు సంగతులు ఉంటాయి: ఎవరి పేరున ఇచ్చారు, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా చెల్లుతుంది, ఎవరు సంతకం పెట్టారు. బ్రౌజరు ఈ మూడూ చూస్తుంది. ఒక్కటి తేడా వచ్చినా ఆపేస్తుంది.

మూడోదాని గురించి సరిహద్దులో బతికే మనకు వేరే చెప్పక్కర్లేదు. ఒడిశా తహసీల్దారు ముద్ర ఉన్న కాగితం పట్టుకుని శ్రీకాకుళం వైపు కాలేజీకి వెళితే, కాగితం అసలైనదే అయినా, "ఈ ముద్ర మాకు చెల్లదు" అనిపించుకున్న వాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. బ్రౌజరు దగ్గర కూడా తనకు తెలిసిన ముద్రల జాబితా ఒకటి ఉంటుంది. అందులో లేని సంతకాన్ని ఒప్పుకోదు.

క్రోమ్‌లో, ఎడ్జ్‌లో హెచ్చరిక పేజీ మీద సన్నటి అక్షరాలతో ఒక కోడ్ ఉంటుంది. దాని చివరి మాటలు చూస్తే చాలు. 'డేట్ ఇన్‌వాలిడ్' అంటే తారీఖు గొడవ. 'కామన్ నేమ్ ఇన్‌వాలిడ్' అంటే పేరు కలవలేదు. 'అథారిటీ ఇన్‌వాలిడ్' అంటే సంతకం ఎవరిదో తెలియలేదు. తారీఖు మరీ తప్పుగా ఉంటే క్రోమ్ "మీ గడియారం వెనుకబడి ఉంది" అనో "ముందుకు ఉంది" అనో నేరుగానే చెప్పేస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో 'అడ్వాన్స్‌డ్' నొక్కితే కారణం మామూలు వాక్యంలో కనిపిస్తుంది. కారణం చదవడానికి ఆ బటన్ నొక్కడంలో తప్పు లేదు, అక్కడితో ఆగాలి.

సర్టిఫికెట్‌నే చూడాలంటే అడ్రస్ బార్ ఎడమ పక్క 'నాట్ సెక్యూర్' అన్న చోట నొక్కి, సర్టిఫికెట్ వివరాల్లోకి వెళ్లండి. 'ఇష్యూడ్ టు', 'ఇష్యూడ్ బై', 'ఎక్స్‌పైర్స్ ఆన్' అని మూడూ అక్కడే ఉంటాయి. కాగితం మీద రాసి పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తాయి.

గడియారం

నేను చూసిన కేసుల్లో ఎక్కువ ఇక్కడే తేలిపోయాయి. అందుకే దీన్ని వివరంగా చెబుతాను.

సర్టిఫికెట్ చెల్లుతుందో లేదో బ్రౌజరు మీ కంప్యూటరు గడియారాన్ని బట్టే లెక్క కడుతుంది. కంప్యూటరు 2012 అనుకుంటోంది, సర్టిఫికెట్ ఈ ఏడాది ఇచ్చింది. ఇంకా పుట్టని కాగితం కాబట్టి చెల్లదని తేల్చేస్తుంది. అందుకే అన్ని సైట్లూ ఒకేసారి ఆగిపోతాయి.

విండోస్ 10, 11లో స్క్రీన్ మూల గడియారం మీద రైట్ క్లిక్ చేసి తారీఖు, టైమ్ సరిచేసే సెట్టింగ్ తెరవండి. మొదట ఏడాది చూడండి, తర్వాత నెల, తర్వాత రోజు. గంట, నిమిషం చూసి "టైమ్ కరెక్టుగానే ఉంది కదా" అని వదిలేసే వాళ్లు చాలామంది. ఏడాది తప్పున్నా గంట సరిగ్గానే కనిపించవచ్చు.

తర్వాత టైమ్ జోన్. 'చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ' అని ఉన్న ప్లస్ 5:30 దాన్నే ఎంచుకోండి. విండోస్ కొత్తగా వేసినప్పుడు ఇది అమెరికా టైమ్ మీద ఉండిపోవచ్చు. మనం జోన్ వదిలేసి ముళ్లు మాత్రం చేత్తో తిప్పేస్తాం. చూడటానికి టైమ్ సరిగ్గా ఉంటుంది, లోపల మాత్రం కంప్యూటరు లెక్క పన్నెండు పదమూడు గంటలు తేడాగా నడుస్తుంది. కొన్ని సైట్లు తెరుచుకుంటూ కొన్ని మాత్రమే మొరాయిస్తుంటే దీన్ని తప్పకుండా చూడాలి.

ఇక్కడ చాలామంది చిక్కుకునే సంగతి ఒకటుంది. 'టైమ్ ఆటోమేటిక్‌గా సెట్ చేయి' అన్నది ఆన్‌లోనే ఉంటుంది, 'సింక్ నౌ' నొక్కినా పని జరగదు. ఇంటి కంప్యూటర్లో తేడా పదిహేను గంటలు దాటితే విండోస్ మామూలుగా దాన్ని తనంతట తాను దిద్దదు. కాబట్టి ముందు ఆటోమేటిక్ ఆపేసి, తారీఖు చేత్తో సరిచేసి, మళ్లీ ఆన్ చేసి, అప్పుడు 'సింక్ నౌ' నొక్కండి. విండోస్ 7లో అయితే గడియారం మీద నొక్కి, తారీఖు మార్చే సెట్టింగ్‌లో 'ఇంటర్నెట్ టైమ్' అనే ట్యాబ్‌కి వెళ్లి 'అప్‌డేట్ నౌ' నొక్కాలి. పని అయ్యాక బ్రౌజరును పూర్తిగా మూసి మళ్లీ తెరవండి.

ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో విండోస్‌తో పాటు ఉబుంటు కూడా వేసుకుంటారు. అక్కడ గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు తేడా చూపిస్తే కంగారు పడకండి. ఆ రెండూ మదర్‌బోర్డు గడియారాన్ని వేర్వేరు లెక్కల్లో చదువుతాయి, అంతే. సింక్ చేస్తే సర్దుకుంటుంది.

రేపు మళ్లీ తప్పితే బ్యాటరీ

ఈ రోజు సరిచేసిన తారీఖు రేపు పొద్దున్న మళ్లీ పాతదైపోతే మదర్‌బోర్డు మీద ఉన్న చిన్న బ్యాటరీ అయిపోయినట్టు. రూపాయి బిళ్ల ఆకారంలో వెండి రంగులో ఉంటుంది. చాలా డెస్క్‌టాప్‌లలో దాని పేరు సీఆర్2032. 20 అంటే ఇరవై మిల్లీమీటర్ల వెడల్పు, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. కంప్యూటరు ఆపేసినా గడియారం తిరుగుతూ ఉండటానికి అదే ఆధారం.

మన వైపు ఇది త్వరగా అయిపోవడానికి ఒక కారణం ఉంది. గోడ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ కంప్యూటరు ఆపేసినా గడియారానికి కరెంటు నుంచే శక్తి అందుతుంది. ప్లగ్ పీకేస్తే భారమంతా బ్యాటరీ మీద పడుతుంది. ఉరుములకూ, కరెంటు హెచ్చుతగ్గులకూ భయపడి మనం రాత్రి కాగానే ప్లగ్ పీకేస్తాం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను చూసిన వాళ్లెవరూ ఆ అలవాటు మానుకోరు. మానుకోమని నేనూ చెప్పను. కంప్యూటరు కాలిపోవడం కంటే కొన్నేళ్లకోసారి బ్యాటరీ మార్చుకోవడం ఎంతో మేలు.

మార్చడం ఇంట్లోనే చేసుకోవచ్చు. ప్లగ్ పీకేయండి. పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు పోతుంది. పక్క మూత స్క్రూలు విప్పి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో ముట్టుకోండి. బ్యాటరీ పక్కనున్న చిన్న క్లిప్పును వేలి గోటితో పక్కకు నెడితే బ్యాటరీ పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టి నొక్కండి. ఇది వాచీలు బాగుచేసే దుకాణంలోనూ దొరుకుతుంది. పాతది తీసుకెళ్లి చూపిస్తే పొరపాటు జరగదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే పాత బ్యాటరీని మాత్రం ఎక్కడంటే అక్కడ పడేయకండి. పిల్లలు మింగితే గొంతు లోపల కాలిపోతుంది, ప్రాణం మీదకు వస్తుంది.

కొత్త బ్యాటరీ పెట్టాక మొదటిసారి ఆన్ చేస్తే సెట్టింగులు పోయాయని నల్ల స్క్రీన్ మీద చెప్పవచ్చు. డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి లోపలికి వెళ్లి తారీఖు పెట్టండి. అక్కడ చాలాసార్లు నెల ముందు, రోజు తర్వాత ఉంటుంది. మనం రోజు ముందు రాసే వాళ్లం కాబట్టి మే 6 కాస్తా జూన్ 5 అయిపోతుంది. ల్యాప్‌టాప్‌లో ఈ బ్యాటరీ లోపలెక్కడో ఉంటుంది, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లడమే మంచిది.

పేరు కలవకపోతే

అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా ఉందేమో ముందు చూడండి. తర్వాత అడ్రస్ ముందు మూడు డబ్ల్యూలు పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి ప్రయత్నించండి. కొన్ని సైట్లు సర్టిఫికెట్‌ను రెండింట్లో ఒక్క పేరుకే తీసుకుంటాయి.

ఎప్పుడో సేవ్ చేసుకున్న బుక్‌మార్కులు కూడా ఇబ్బంది పెడతాయి. ముఖ్యంగా బ్యాంకువి. 2025 అక్టోబరు 31 లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే చిరునామాలోకి మారమని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులన్నింటినీ ఆదేశించింది. ఆ చివర బ్యాంకులకు తప్ప వేరెవరికీ ఇవ్వరు. కాబట్టి పాత బుక్‌మార్కు తీసేసి, పాస్‌బుక్ మీదో బ్రాంచిలో అడిగో కొత్త చిరునామా తెలుసుకుని చేత్తో టైప్ చేయండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు మీద నొక్కి బ్యాంకులోకి వెళ్లొద్దు. హెచ్చరిక రానంత మాత్రాన ఆ సైటు నమ్మదగినదని కూడా అర్థం కాదు. మోసగాళ్లు కూడా తమ సైటు పేరు మీద సర్టిఫికెట్ తెచ్చుకోగలరు. అడ్రస్ మీరు అనుకున్నదేనా అని మీరే చూసుకోవాలి.

సంతకం తెలియకపోతే

మీరు రాసి పెట్టుకున్న 'ఇష్యూడ్ బై' ఇప్పుడు చూడండి. అక్కడ మీ యాంటీవైరస్ పేరు ఉంటే దొంగ దొరికినట్టే. అవాస్ట్, కాస్పర్‌స్కీ, ఈసెట్ వంటివి వైరస్ వెతకడానికి సైటుకూ బ్రౌజరుకూ మధ్య నిలబడి, అసలు సర్టిఫికెట్ బదులు తమ సంతకంతో ఇంకొకటి చూపిస్తాయి. అవి సరిగ్గా పని చేసినంతకాలం గొడవ ఉండదు. పాతబడితే, లేదా సగం తీసేసి సగం మిగిలిపోతే బ్రౌజరు ఆ సంతకాన్ని ఒప్పుకోదు. యాంటీవైరస్‌ను అప్‌డేట్ చేయండి. తగ్గకపోతే దాని సెట్టింగుల్లో హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ ఒక్కటే ఆపి చూడండి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి పూర్తిగా తీసేయండి.

అక్కడ మీ నెట్ కంపెనీ పేరో, మోడెమ్ పేరో కనిపిస్తే ముందు రీచార్జ్ అయిపోయిందేమో చూడండి. డబ్బు కట్టే పేజీకి మనల్ని మళ్లించబోయి హెచ్చరిక తెప్పించే కనెక్షన్లు ఉన్నాయి. రైల్వే స్టేషన్ వైఫైలో, హోటల్ వైఫైలో లాగిన్ అవ్వకముందు వచ్చేదీ ఇలాంటిదే. రీచార్జ్ ఉండి కూడా ఇంటి వైఫై మీద అన్ని సైట్లకూ వస్తూ, హాట్‌స్పాట్ మీద రాకపోతే మోడెమ్ సెట్టింగులను ఎవరైనా మార్చి ఉండొచ్చు. మోడెమ్‌ను రీసెట్ చేయించి, దాని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. అదే మోడెమ్ సెట్టింగుల కోసం 192.168.1.1 తెరిచినప్పుడు వచ్చే హెచ్చరిక మాత్రం మామూలే, మోడెమ్ తన సంతకం తానే పెట్టుకుంటుంది. మీ ఇంటి వైఫై మీదే ఉండి, ఆ అంకెలు మీరే టైప్ చేసి ఉంటే ముందుకు వెళ్లవచ్చు.

కంప్యూటరు బాగా పాతదైతే దాని ముద్రల జాబితా కూడా పాతదే. 2021 సెప్టెంబరు 30న ఆ జాబితాలోని ఒక పాత ముద్రకు, అంటే ఒక మూల సర్టిఫికెట్‌కు, గడువు తీరిపోయింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దగ్గర ఉచితంగా సర్టిఫికెట్ తీసుకున్న సైట్లు అప్‌డేట్ లేని పాత కంప్యూటర్లలో, ఫోన్లలో ఒక్కసారిగా హెచ్చరికలు చూపించాయి. అప్‌డేట్లు చేయడం తప్ప దీనికి వేరే దారి లేదు. విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ముగిసింది. విండోస్ 7 మీద క్రోమ్ 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. ఫైర్‌ఫాక్స్ తన జాబితా తానే తెచ్చుకుంటుంది కాబట్టి విండోస్ 7కు ఇచ్చే చివరి ఫైర్‌ఫాక్స్, 115 ఈఎస్ఆర్, వేస్తే కొన్నాళ్లు గడుస్తుంది. ఆ కంప్యూటర్లో బ్యాంకు పని మాత్రం చేయకండి.

తప్పు సైటుదే అయితే

ఫోన్‌లోనూ, కంప్యూటర్లోనూ ఒకే హెచ్చరిక, 'ఎక్స్‌పైర్స్ ఆన్' దగ్గర నిన్నటి తారీఖు. అంటే వాళ్లు రెన్యువల్ మరిచిపోయారు. మీరు చేయగలిగింది ఏమీ లేదు, కొన్ని గంటలు ఆగాలి. ఫారం గడువు దగ్గరపడితే తారీఖు, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ఆ శాఖ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి చెప్పండి, మెయిల్ కూడా పెట్టండి. గడువు దాటాక అడగడానికి అదే మీ చేతిలో ఉండే ఆధారం. సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు ముందు ముందు ఇంకా తగ్గుతుంది: 398 రోజులుగా ఉన్నదాన్ని 2026 మార్చి 15 నుంచి 200కు, 2027లో అదే తారీఖు నుంచి 100కు, 2029 నుంచి 47 రోజులకు కుదించాలని నిర్ణయమైంది. రెన్యువల్ చేత్తో చేసే ఆఫీసుల సైట్లలో ఈ ఇబ్బంది పెరుగుతుందని నా భయం.

ఎక్కడ ఆగిపోవాలి

పాస్‌వర్డ్, ఓటీపీ, ఆధార్ నంబరు, కార్డు నంబరు అడిగే ఏ సైటులోనూ హెచ్చరిక దాటి లోపలికి వెళ్లకండి. కొన్ని సైట్లకు 'ప్రొసీడ్' బటనే రాదు. దాటడానికి వీల్లేకుండా ఆ సైటే బ్రౌజరుకు ముందుగా చెప్పి పెట్టింది, దాన్ని తప్పించే చిట్కాలు వెతకొద్దు. "మీ సర్టిఫికెట్ పాతబడింది, ఇది డౌన్‌లోడ్ చేసుకోండి" అని ఏ పేజీ అయినా అడిగితే అది మోసం. సైటు సర్టిఫికెట్ మార్చాల్సింది సైటు వాళ్లే, మీ చేత ఏదీ డౌన్‌లోడ్ చేయించాల్సిన పని లేదు.

ఇదంతా ఊరికే చెప్పడం లేదు. 2014 జులైలో మన దేశపు నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ నుంచే గూగుల్ పేర్లకు అనధికార సర్టిఫికెట్లు జారీ అయ్యాయి. గూగుల్ బయటపెట్టాక వాటిని రద్దు చేశారు. ప్రభుత్వ సంస్థ దగ్గరే అలా జరగగలిగినప్పుడు, బ్రౌజరు అనుమానపడితే మనమూ ఆగాల్సిందే.

ఇప్పటికే హెచ్చరిక దాటి పాస్‌వర్డ్ కొట్టేశారా? ఆ కంప్యూటరు వదిలేసి, ఫోన్‌లో మొబైల్ డేటా మీద ఆ పాస్‌వర్డ్ వెంటనే మార్చండి. అదే పాస్‌వర్డ్ వేరే చోట వాడుతుంటే అక్కడా మార్చండి. బ్యాంకు వివరాలైతే కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి, కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. డబ్బు పోయినట్టు మెసేజ్ వస్తే రేపటి దాకా ఆగకండి, 1930కి ఫోన్ చేయండి. ఇది దేశమంతటికీ ఒకటే నంబరు. ఖాతా నంబరు, డబ్బు పోయిన టైమ్, మెసేజ్‌లో ఉన్న లావాదేవీ నంబరు చేతిలో పెట్టుకుని చేయండి.